పాత కారు బాగుచేయడం: బ్రేకులు ముందు, రంగు చివర

కారు ఇంటికి తెచ్చిన మొదటి వారం పానా పట్టుకోకండి. నేను పట్టుకున్నాను. 1960ల నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అది. శనివారం తెచ్చాను. ఆదివారం సాయంత్రానికల్లా బంపర్లు, మడ్‌గార్డులు, సీట్లు, డాష్‌బోర్డులోని మీటరు అన్నీ ఊడదీసి షెడ్డులో పరిచేశాను. పని మొదలైందని ఒకటే సంబరం. ఒక్క ఫొటో తీయలేదు, ఒక్క నట్టుకు చీటీ కట్టలేదు. నట్లూ బోల్టులూ వాషర్లూ అన్నీ ఒకే డబ్బాలో పోశాను. ఏడాదిన్నర తర్వాత బిగించడానికి కూర్చుని ఆ డబ్బా మూత తీస్తే ఏడుపొచ్చింది.

అందుకే ఏ పని ఎలా చేయాలో చెబుతూనే, ఏ పని ఎప్పుడు చేయాలో ఇంకా గట్టిగా చెబుతాను. పాత కార్ల విషయంలో చేతకాక చెడేవాటికంటే వరస తప్పి చెడేవే ఎక్కువ.

ముందు కాగితం

మొదటి వారంలో చేయాల్సింది ఒకటే. ఈ కారుతో మీకు ఏం పనో కాగితం మీద రాసుకోండి. ఏడాదికి నాలుగుసార్లు ప్రదర్శనలకు తీసుకెళ్తారా? ఆదివారాలు అలా తిప్పుకొస్తారా? రోజూ ఆఫీసుకు వెళ్తారా? జవాబును బట్టి దారులు మూడు.

ఒకటి, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుకోవడం. ఫ్యాక్టరీ రంగు వెలిసినా ఇంకా నిలిచే ఉంది, సీటు తోలు ముడతలు పడ్డా చిరగలేదు అనుకోండి. అలాంటి కారుకు కొత్త రంగు వేయకండి. రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చు, ఫ్యాక్టరీ రంగు మాత్రం ఒక్కసారే పడుతుంది. రెండు, మొత్తం విప్పి కొత్తదానిలా మళ్లీ కట్టడం. మూడు, చూపుకు పాతదిలాగే ఉంచి లోపల బ్రేకులు, లైట్లు, ఇగ్నిషన్ లాంటివి ఇప్పటి రోడ్లకు తగ్గట్టు మార్చుకోవడం. దీన్నే రెస్టోమాడ్ అంటున్నారు.

పాత వాహనాల క్లబ్బులకు ఫీవా అని అంతర్జాతీయ సమాఖ్య ఒకటి ఉంది, 1966లో ఏర్పడింది. వాళ్ల లెక్కలో చారిత్రక వాహనం అంటే కనీసం 30 ఏళ్లు నిండాలి, ఆనాటి రూపం చెడకుండా ఉండాలి. మూడో దారిలో మరీ దూరం వెళ్లిపోయిన కారుకు ఆ గుర్తింపు దొరకడం కష్టం. కాబట్టి ఇది ముందే తేల్చుకోవాల్సిన సంగతి.

నా వరకు రెండూ మూడూ కలిసిన దారి నచ్చింది, ఒకే షరతు మీద. నేను పెట్టిన ఏ కొత్త సామానునైనా విప్పేస్తే కింద పాత కారు చెక్కుచెదరకుండా కనపడాలి. అంటే కొత్త చిల్లు పెట్టను, పాత రేకు కోయను, తీసిన సామాను పారేయను. మార్పుల దగ్గరికి వచ్చినప్పుడు ఈ షరతు మళ్లీ గుర్తుచేస్తాను.

ఇదే వారంలో మరో రెండు పనులు చేసేయండి. కాగితాల మీది ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద ఉన్నవాటితో పోల్చి చూడండి. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. కొలతలు, గ్యాపులు, బోల్టు ఎంత బిగించాలి వంటివన్నీ అందులో ఉంటాయి. నేను ఇక్కడ ఏ అంకె చెప్పినా, మీ మాన్యువల్ వేరేలా చెబితే దాని మాటే వినండి.

అయస్కాంతం, స్క్రూడ్రైవరు

ఇంజన్ పాడైతే బాగుచేయొచ్చు, లేదంటే ఇంకోటి తెచ్చి పెట్టొచ్చు. పాత కారును చంపేది తుప్పు. కాబట్టి కొనేముందైనా, కొన్నాకైనా కారు కింద దూరి చూడాల్సిందే.

పలుచని అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి. రేకు మీద అంటుకుంటుంది. లప్పం దట్టంగా పెట్టిన చోట జారిపోతుంది. తలుపుల కింది భాగం, మడ్‌గార్డు అంచులు, ముందు అద్దం కింది మూలలు, డిక్కీ నేల తప్పకుండా చూడాలి. తర్వాత మొద్దు స్క్రూడ్రైవరుతో కింద నుంచి గట్టిగా నొక్కండి. తలుపుల కింద పొడవునా ఉండే సిల్, స్ప్రింగులూ కమాన్ పట్టీలూ తగిలించే చోట్లు, జాకీ పెట్టే చోటు ముఖ్యం. మంచి రేకు టంగుమంటుంది. కుళ్లిన రేకు కరకరమంటుంది, ఒక్కోసారి స్క్రూడ్రైవరు లోపలికే దిగిపోతుంది. కొనేముందు ఇలా పొడవడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోరనుకోండి, అప్పుడు కనీసం వేలితో తట్టి వినండి.

ప్రతి మోడల్‌కూ తుప్పు దాక్కునే చోట్లు వేరుగా ఉంటాయి. బీటిల్‌లో రెండు చోట్లు చూడాలి. ఇంజన్ వేడిగాలి ముందు సీట్ల దాకా రావడానికి తలుపుల కింద గొట్టాల్లాంటి పెట్టెలు ఉంటాయి, వాటినే హీటర్ చానెళ్లు అంటారు. బాడీకి బలం వాటిలోనే ఉంది, లోపలి నుంచి తినేసేదీ వాటినే. రెండోది బ్యాటరీ. అది వెనక సీటు కింద ఉంటుంది. ఆసిడ్ కారీ కారీ కింది రేకును తినేస్తుంది. నా కారులో ఆ చోట రబ్బరు మ్యాట్ ఎత్తితే షెడ్డు నేల కనపడింది. నాకు అమ్మినాయన దాని మీద ఓ అట్టముక్క కూడా పరిచి ఉంచాడు.

తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కదిలితే కీలు అరిగిందా, కీలు పట్టుకున్న స్తంభమే కుళ్లిందా తేల్చుకోవాలి. మొదటిది పూటలో అయిపోయే పని, రెండోది నెలల పని. అలాగే తలుపు చుట్టూ సందు పైన ఒకలా కింద ఒకలా ఉంటే బాడీ వంగి ఉండొచ్చు. విడిగా ఛాసిస్ ఉన్న కారుకైతే బాడీ కాస్త కుళ్లినా కింద ఎముకలు మిగులుతాయి. బాడీయే ఛాసిస్ అయిన కార్లలో సిల్ పోతే వెన్నెముక పోయినట్టే.

ఇంకో మాట. రెండు కార్లు చూసి ఎటూ తేల్చుకోలేకపోతే, ఇంజన్ ఆడుతున్నదాని కంటే సామాను పూర్తిగా ఉన్నదాన్ని తీసుకోండి. పిస్టన్ రింగులు దొరుకుతాయి. ఆ ఏడాది మాత్రమే వచ్చిన వెనక లైటు అద్దం కోసం మూడేళ్లు వెతకాల్సి రావచ్చు.

చీటీలు, సంచులు, ఫొటోలు

విప్పే ముందు ఫొటో, సగం విప్పాక ఫొటో, విప్పాక ఫొటో. జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో బోల్టులు వేసి, చీటీ కూడా సంచి లోపలే పెట్టండి. పైన పెన్నుతో రాసింది గ్రీజు తగిలితే చెరిగిపోతుంది. చీటీ మీద "ఎడమ ముందు తలుపు, పై కీలు, 4 బోల్టులు, 2 పలుచటి వాషర్లు" అని ఇంత వివరంగా రాయాలి. "తలుపు బోల్టులు" అని రాస్తే ఏడాది తర్వాత మీకే అర్థం కాదు. వీలైతే బోల్టును మళ్లీ దాని చిల్లులోనే రెండు చుట్లు తిప్పి వదిలేయండి, అంతకంటే మంచి డబ్బా లేదు.

పాత బోల్టుల దగ్గర తొందరపడకూడదు. మరలు అన్నీ ఒక రకం కావు. పాత బ్రిటిష్ కార్లలో విట్‌వర్త్ అనే పాత అంగుళాల కొలత మరలు ఉంటాయి, వాటికి మామూలు మిల్లీమీటర్ల పానా సరిపోదు, దాదాపు సరిపోయినట్టనిపించి తల గుండ్రంగా అరగదీస్తుంది. ఎంజీ టీసీ అనే పాత బ్రిటిష్ కారు ఇంజన్ ఇంకా విచిత్రం, మర మిల్లీమీటర్ల కొలత, బోల్టు తల మాత్రం విట్‌వర్త్ కొలత. పట్టేసిన బోల్టుకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేయండి. రాకపోతే నట్టును వేడి చేయండి, దగ్గర్లో పెట్రోలు, రబ్బరు లేకుండా చూసుకుని. ముందు కాస్త బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి. ఒకే పట్టున లాగితే విరిగేది బోల్టే.

పట్టేసిన ఇంజన్‌ను లేపడం

ఏళ్ల తరబడి నిలబడిపోయిన కారుకు కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం అందరూ చేసే తప్పు. పిస్టన్ రింగులు బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, తుప్పుతో అంటుకుని ఉంటే ఆ దెబ్బకు విరుగుతాయి. పొడిబారిన బేరింగులు గీసుకుపోతాయి.

ప్లగ్గులు అన్నీ తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పల్చటి ఆయిల్ పోయండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌లో సగానికి సగం అసిటోన్ కలిపినది బాగా లోపలికి దిగుతుంది, కానీ అది తేలిగ్గా అంటుకుంటుంది, నిప్పు దగ్గరికి రానివ్వకండి. రెండు మూడు రోజులు ఆగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ చివర బెల్టు తిరిగే చక్రం) బోల్టుకు పొడుగు పానా వేసి చేత్తో ఒక్క పిసరు కదిలించి చూడండి. కదలకపోతే మళ్లీ ఆయిల్, మళ్లీ ఆగడం. నా బీటిల్ పదకొండో రోజున కదిలింది. అద్దం మీద తడి వేలు జారినట్టు ఓ చిన్న కూత, పానా ఒక అంగుళం కిందికి దిగింది. ఆ పూటకు అంతే చాలనుకుని ఆపేశాను.

చేత్తో రెండు పూర్తి చుట్లు తిరిగాక పాత ఆయిల్ మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పి ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా చూడండి. తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇగ్నిషన్ తీగ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ప్లగ్గు చిల్లులో గేజ్ పెట్టి ఐదారు చుట్లు తిప్పాలి. అంకె ఎంత ఉండాలో ఇంజన్‌ను బట్టి మారుతుంది. అసలు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. అది 10–15 శాతం లోపు ఉంటే ప్రస్తుతానికి ఇంజన్ విప్పే పని లేదు. ఒక సిలిండర్ బాగా తగ్గితే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు లేదా బోరు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోనట్టు.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే. ట్యాంకులోని పాత పెట్రోలు మొత్తం తీసేయండి. పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చండి, ఎందుకంటే ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను ఆనాటి రబ్బరు తట్టుకోలేదు, మెత్తబడి పగులుతుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారిందంటే కారు మొత్తం కాలిపోతుంది. ఆనాటి పెట్రోలులో సీసం ఉండేది, వాల్వు కూర్చునే చోటు అరగకుండా అది మెత్తలా పనిచేసేది. రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు 2021లో ప్రపంచమంతటా ఆగిపోయింది. అందువల్ల మీ ఇంజన్ హెడ్ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి. ఇందుకోసమే పనిగట్టుకుని విప్పాల్సిన పనిలేదు.

ఇంజన్ ఆయిల్ కొనేటప్పుడు జింక్ ఎక్కువ ఉన్న, పాత కార్లకని చేసిన రకం తీసుకోండి. కొత్త కార్లలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా ఈ రోజుల ఆయిళ్లలో జింక్, ఫాస్ఫరస్ తగ్గించారు, వాల్వులను తెరిచే పాత క్యామ్‌షాఫ్టులకు మాత్రం అది కావాలి.

బ్రేకులు: నమ్మకం పనికిరాదు

ఇంజన్ ఆడగానే ఓ రౌండు వేద్దామనిపిస్తుంది. ఆగండి. ఇల్లు అలకగానే పండగ కాదు. నిలబడిపోయిన కారులో బ్రేకు పెడల్ గట్టిగానే తగలొచ్చు, మొదటి రెండుసార్లు పట్టనూ వచ్చు, మూడోసారి నేల దాకా వెళ్లిపోతుంది.

చక్రాల బ్రేక్ డ్రమ్ములు విప్పే ముందు మాస్కు పెట్టుకోండి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. లోపలి ధూళిని గాలితో ఊదకూడదు, బ్రష్షుతో దులపకూడదు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టేయాలి. తర్వాత చక్రం దగ్గర బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ల రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. తడిగా ఉంటే కారుతున్నట్టే. సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడితే కొత్త రబ్బర్లు వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనపడతాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటాయి. అలాంటప్పుడు బ్రేకు పట్టుకుంటుంది కానీ వదలదు. కాబట్టి చూసి తేల్చడం మానేసి అన్నీ మార్చేయండి. లోహపు పైపులకు రాగి-నికెల్ మిశ్రమం వాడితే తుప్పు పట్టదు, చేత్తో వంచడం కూడా తేలిక.

బ్రేక్ ఆయిల్ విషయంలో ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని మిగతావాటితో కలపకూడదు. ఫ్రెంచి కారు సిట్రోయెన్ డీఎస్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. తొలి కార్లలో ఎర్ర ద్రవం, తర్వాతి వాటిలో ఆకుపచ్చ ఖనిజ నూనె. ఒకదానిలో ఇంకోటి పోస్తే సీళ్లన్నీ పోతాయి.

టైర్లు కూడా బ్రేకుల్లో భాగమే. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు గాడులు లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టదు. నాలుగు అంకెలు లేకుండా మూడే ఉన్నాయంటే అది 2000కు ముందు చేసిన టైరు.

తుప్పు తీయడం, రేకు పని

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు, ఇక్కడే చాలామంది మోసపోతారు. తుప్పు మీద లప్పం మెత్తి, పైన నిగనిగలాడే రంగు కొట్టి ఇస్తే మొదటి ఏడాది ఎవరికీ తెలియదు. పైన పటారం, లోన లొటారం. రెండో ఏడాది రంగు కింద పొక్కులు లేస్తాయి.

వరస ఇది. మొదట తలుపులు ఇంకా బిగించి ఉండగానే వాటి చుట్టూ సందులు కొలిచి రాసుకోండి. తర్వాత తలుపు చట్రంలో అడ్డంగా, ఐమూలగా ఇనప కడ్డీలు తాత్కాలికంగా బిగించండి. అప్పుడే సిల్ కోయాలి. కడ్డీలు లేకుండా కోస్తే కారు నడుము దగ్గర వంగిపోతుంది, ఆ వంపు మీదే కొత్త సిల్ అతికించేస్తారు, ఇక తలుపు జన్మలో సరిగా మూయదు. రెండు వైపులా ఒకేసారి కోయకండి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు.

కోసేటప్పుడు తుప్పు ఆగిన చోట ఆపకూడదు, మెరిసే మంచి రేకు వచ్చేదాకా వెళ్లాలి. పల్చబడిన రేకుకు వెల్డింగ్ పట్టదు, చిల్లు పడుతుంది. మందం సరిపోయే కొత్త రేకు కత్తిరించి, ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క దూరంగా అక్కడ, మధ్యలో చల్లారనిస్తూ వెల్డింగ్ చేయాలి. ఒకే గీతలో లాగేస్తే వేడికి రేకు అలలు తేలుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తీసేయండి. పెట్రోలు ట్యాంకును మాత్రం ఎంత ఖాళీగా ఉన్నా మీరు వెల్డింగ్ చేయకండి. ద్రవం పోయినా ఆవిరి ఉంటుంది, పేలేది ఆ ఆవిరే.

చిన్న చిన్న ఇనప సామానుకు నాకు బాగా నచ్చిన పద్ధతి కరెంటుతో తుప్పు తీయడం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, 4 లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలపండి. తుప్పు పట్టిన ముక్కను బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకు, పనికిరాని ఓ ఇనప ముక్కను పాజిటివ్ తీగకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా నీళ్లలో వేలాడదీయండి. చార్జరు వేయగానే సన్నటి బుడగలు లేస్తాయి. నా తలుపు కీళ్లు రాత్రంతా ఉంచి పొద్దున తీస్తే ఎర్ర తుప్పంతా నల్లటి బురదలా మారి ఉంది, కుంచెతో రుద్దితే ఊడొచ్చింది. కింద ఫ్యాక్టరీవాళ్లు గుద్దిన సన్నటి అంకెలు కూడా బయటపడ్డాయి. జాగ్రత్తలు మూడు. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, ఆరుబయటే పెట్టుకోవాలి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, విషపు క్రోమియం నీళ్లలోకి వస్తుంది. అల్యూమినియం సామాను, స్ప్రింగులు ఈ తొట్టిలో వేయకూడదు, మొదటిదాన్ని సోడా తినేస్తుంది, రెండోది పెళుసుబారుతుంది.

రేకు పని అయ్యాకే లప్పం, అదీ 3 మిల్లీమీటర్లు మించకుండా. అంతకంటే లోతుగా ఉంటే రేకును ఇంకా సుత్తితో సరిచేయాలని అర్థం. ఇక లోపలి పెట్టెల్లోకి పల్చటి మైనం కొట్టడం, నీళ్లు పోయే చిల్లులు తెరిచి ఉంచడం మరచిపోవద్దు. సిల్ కుళ్లింది చాలావరకు ఆ చిల్లులు మూసుకుపోయే.

వైరింగ్

గుడ్డ చుట్టిన పాత తీగలు వంచితే పొట్టు రాలిందంటే అతుకులు వేయడం దండగ, ఆ మోడల్‌కు తయారుగా దొరికే కొత్త వైరింగ్ కట్ట తెచ్చుకోండి. తీగలు బాగానే ఉంటే ముందు ఎర్తులు, అంటే తీగ బాడీకి కలిసే చోట్లు, చూడండి. లైటు మసగ్గా వెలుగుతోందన్నా, ఇండికేటరు వేస్తే బ్రేకులైటు వెలుగుతోందన్నా పదింట ఎనిమిదిసార్లు తప్పు ఎర్తుదే. బోల్టు విప్పి, కింద ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగిస్తే చాలు.

ఏదైనా కొత్త ఎలక్ట్రానిక్ సామాను తగిలించే ముందు బ్యాటరీ ఏ కొస బాడీకి ఉందో చూసుకోండి. పాత బ్రిటిష్ కార్లు చాలావాటికి పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. ఎంజీబీ కారునైతే 1967లో నెగటివ్‌కు మార్చారు. అలాగే వోల్టులు. 1960ల దాకా 6 వోల్టుల కార్లు కూడా వచ్చాయి.

రంగు

దీని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే రంగు బాగా రావడం రంగులో లేదు, కింద చేసిన వాటర్ పేపర్ పనిలో ఉంది. ప్రైమర్ మీద వేరే రంగు పల్చగా చల్లి, చెక్క దిమ్మెకు కాగితం చుట్టి రుద్దండి. ఎక్కడ ఆ రంగు మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి తడి చేసే రుద్దాలి. రెండు భాగాలు కలిపి వాడే ఈనాటి రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ఎక్కితే ఆస్తమా పట్టుకుంటుంది, మామూలు మాస్కు వాటిని ఆపదు. బయటి గాలి గొట్టంతో అందే మాస్కు, తగిన బూత్ లేకపోతే ఆ ఒక్క పని బయట చేయించుకోవడమే మేలు. రంగు కోడు సాధారణంగా ఛాసిస్ ప్లేటు మీద గానీ తలుపు స్తంభం మీద గానీ ఉంటుంది.

మార్పులు: ఎక్కడ ఆగాలి

ఇక అందరికీ సరదా ఉన్న చోటికి వచ్చాం. నాకంటే ముందు నా కారును వాడిన ఎవరో పాటలు వినడానికి డాష్‌బోర్డు రేకును రంపంతో కోసేశారు. ఆ స్టీరియో ఎప్పుడో పోయింది, కోత మిగిలింది. దాన్ని పూడ్చడానికి ఇంకో కారు డాష్‌బోర్డు ముక్క తెచ్చి అతికించాల్సి వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. పాటలే కావాలంటే సీటు కింద చిన్న ఆంప్లిఫయర్, సీటు వెనక స్పీకర్లు పెట్టుకుంటే ఫోన్ నుంచే మోగుతాయి, డాష్‌బోర్డు జోలికి వెళ్లక్కర్లేదు.

నా షరతుకు లోబడి, నిజంగా పనికొచ్చే మార్పుల్లో మొదటిది హెడ్‌లైట్ రిలేలు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు. పాత కార్లలో లైట్ల కరెంటు మొత్తం స్విచ్చు గుండా వెళ్తుంది. 12 వోల్టుల కారులో రెండు 55 వాట్ల బల్బులు కలిపి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. అంత దూరం సన్నటి తీగల్లో తిరిగొచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. బ్యాటరీ నుంచి లావు తీగ, ఫ్యూజు, రిలే పెట్టి, పాత స్విచ్చును రిలేను పలికించడానికి మాత్రమే వాడండి. బయటి నుంచి చూస్తే ఏమీ మారదు, రాత్రిపూట మాత్రం వేరే కారు నడుపుతున్నట్టుంటుంది.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కూడా అలాంటిదే. పాత ఇగ్నిషన్ సామాను అయిన పాయింట్లు, కండెన్సరు తీసి సంచిలో వేసి డిక్కీలో పెట్టుకోండి, ఎలక్ట్రానిక్ సామాను దారిలో చచ్చిపోతే పావుగంటలో పాతవి బిగించి ఇంటికి రావచ్చు. డైనమో బదులు ఆల్టర్నేటర్ పెట్టేవాళ్లు డాష్‌బోర్డులో కరెంటు కొలిచే ఆమ్‌మీటరు ఉందేమో చూసుకోవాలి. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు మొత్తం దాని గుండా పంపితే అది మాడిపోతుంది.

చిల్లు పెట్టననే నా షరతుకు ఒకే ఒక్క మినహాయింపు సీటు బెల్టులు. మూడు చోట్ల పట్టుకునే బెల్టును వోల్వో కార్ల కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తెచ్చాడు, అంతకుముందరి చాలా కార్లలో, ఆ తర్వాత వచ్చిన చాలా కార్లలో కూడా అసలు బెల్టులే ఉండవు. రేకు వెనక ఫ్యాక్టరీవాళ్లే బెల్టుకు మర పెట్టి మూసేశారేమో మొదట వెతకండి, చాలా 1960ల కార్లలో ఉంటుంది. లేకపోతే వెనక వైపు మందపాటి ఇనప ప్లేటు పెట్టించి, బెల్టుల కోసమే వచ్చే 7/16 అంగుళాల బోల్టు వాడాలి. ఉత్త రేకుకు బిగించిన బెల్టు గుద్దినప్పుడు బోల్టుతో సహా ఊడొస్తుంది.

ముందు డ్రమ్ముల బదులు డిస్కులు పెట్టడం మంచి మార్పే, కానీ ఒంటరిగా చేసేది కాదు. డిస్కుకు ఎక్కువ ఆయిల్ కావాలి కాబట్టి పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ కూడా సరిపోవాలి, ముందూ వెనకా పట్టు సమతూకంలో ఉండాలి, పాత రిమ్ము డిస్కుకు తగలకూడదు. అదే మోడల్ తర్వాతి ఏళ్లలో ఫ్యాక్టరీయే డిస్కులతో ఇచ్చి ఉంటే ఆ సెట్టు మొత్తం తెచ్చుకోవడం అన్నిటికంటే సురక్షితం. మార్చినా మార్చకపోయినా, ఒకే లైను బ్రేకులున్న కారైతే రెండు విడి లైన్ల మాస్టర్ సిలిండర్ గురించి ఆలోచించండి. ఒకే లైనులో ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

నేను చేయనివి కూడా చెప్పాలి. స్ప్రింగులు కోసి కారును కిందికి దించడం, మడ్‌గార్డులు వెడల్పు చేసి లావు టైర్లు తొడగడం, ఛాసిస్ తట్టుకోలేని ఇంజన్ పెట్టడం. బీటిల్‌కు రెట్టింపు బలమైన ఇంజన్ పెట్టినవాళ్లను చూశాను. వేగం వచ్చింది, ఆపేందుకు బ్రేకులు రాలేదు. తర్వాత గేర్‌బాక్సు పోయింది. చక్రాల విషయంలో నా కొలత ఒకటి: కారును పది అడుగుల దూరం నుంచి చూస్తే ముందు కారు కనపడాలి. చక్రాలే ముందు కనపడితే ఎక్కడో ఎక్కువైంది.

మొదటి 500 కిలోమీటర్లు

మొదటి రోజు 5 కిలోమీటర్లు చాలు, అదీ పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని. ముందు ఖాళీ చోట నెమ్మదిగా వెళ్తూ నాలుగైదుసార్లు బ్రేకు వేసి, కారు ఏ పక్కకు లాగుతోందో చూడండి. ఇంటికొచ్చాక ఒక్కో చక్రం మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. నేల మీద అట్టలు పరిచి కారును రాత్రంతా వాటి మీద ఉంచండి. పొద్దున ఏ మరక ఎక్కడ పడిందో చూస్తే ఏ సీలు కారుతోందో తెలుస్తుంది.

50 కిలోమీటర్లకు చక్రాల నట్లు మళ్లీ బిగించండి. కొత్త రంగు మీద బిగించినవి తప్పకుండా కాస్త వదులవుతాయి. 500కు ఆయిల్ మార్చి, వాల్వుల గ్యాపు చూడాలి. నా బీటిల్‌కు చల్లటి ఇంజన్ మీద 0.15 మిల్లీమీటర్లు. ఆ ఇంజన్‌కు మామూలు ఆయిల్ ఫిల్టరు ఉండదు, అడుగున గుండ్రటి జాలీ ఒకటి ఉంటుంది, ఆయిల్ మార్చినప్పుడల్లా దాన్ని తీసి కడగాలి. కడిగేముందు తెల్ల కాగితం మీద బోర్లించి, అయస్కాంతం కాగితం కింద తిప్పండి. సన్నటి బూడిదరంగు పొడి కదిలితే కొత్త రింగులు సర్దుకుంటున్నాయని. కదలకుండా మెరిసే రేకుల్లాంటివి కనపడితే బేరింగు అరుగుతోందని, ఇంజన్ దించాలి. నా కాగితం మీద మొదటిసారి ఓ చిన్న వాషరు పడింది. ఇంజన్‌లో ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు, ఆ డబ్బాలోదే అయి ఉంటుంది.